నవలలో కొడుకు తల్లికి ఏ మాటతో చెప్పాలి? (విశాఖ నేపథ్యంలో ఇద్దరు అబ్బాయిల ప్రేమకథ)

వాల్తేరు_వాన
మూడేళ్లుగా ఒక నవల రాస్తున్నాను. ఇరవై రెండు అధ్యాయాలు పూర్తయ్యాయి, పేరు మాత్రం ఇంకా కుదరలేదు. కథ 2014 వేసవిలో మొదలై అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వారంతో ముగుస్తుంది. ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగిన సూర్యం, ఫిషింగ్ హార్బర్‌లో బోటు యజమాని కొడుకు ఎల్లాజీ ప్రేమించుకుంటారు. సూర్యం చిన్నాన్న పెళ్లయిన ఏడాదికే ఒంటరివాడై, కంచరపాలెంలో ఒక గది అద్దెకు తీసుకుని జీవితమంతా అక్కడే గడిపిన మనిషి. ఆయన పోయాక దొరికిన ఇనప్పెట్టెలో ఒక స్నేహితుడు ఇరవై ఏళ్లపాటు రాసిన ఉత్తరాలు ఉంటాయి. నవలలో ఇంటి రహస్యం అదే.

నా ఇబ్బంది పందొమ్మిదో అధ్యాయంలో ఉంది. సూర్యం తల్లికి విషయం చెప్పాలి. ఆమె శృంగవరపుకోట పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చిన మనిషి, వారపత్రికలు చదువుతుంది, తెలివైనది. కానీ కొడుకు నోట "నేను స్వలింగ సంపర్కుణ్ణి" అని పెడితే కోర్టు గుమాస్తా తీర్పు చదివి వినిపిస్తున్నట్టుంది. "నేను గే" అని పెడితే ఆమెకు ఆ మాట అందదు. ఇక ఆమెకు చిన్నప్పటి నుంచి తెలిసిన మాటలన్నీ తిట్లే. ఆ పేజీని పదకొండుసార్లు కొట్టేశాను. మీలో ఎవరైనా ఇంట్లో నిజంగా చెప్పినవారుంటే ఏ మాటతో చెప్పారు?

మూడో_బెంచీ
నేను "గే" అనే చెప్పాను. మా అమ్మ వంటింట్లోంచి "గేటు వేసే వచ్చాను, పడుకో" అంది. రెండోసారి చెప్పడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

క్వార్టర్స్_కుర్రాడు
మా ఇంట్లో అయితే గేట్ పరీక్ష అనుకుని ర్యాంకు అడిగేవారు.

అచ్చుతప్పు
అసలు ప్రశ్నకు ముందు ఒక దిద్దుబాటు. నమూనాగా మీరు పంపిన అధ్యాయాలు చదివాను. ఏడో అధ్యాయంలో, అంటే 2014 మే నెలలో, ఎల్లాజీ వేటకు వెళ్లి అయిదు రోజుల తరువాత తిరిగి వస్తాడు. అది కుదరదు. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం మరబోట్లకు వేట నిషేధం పెడుతుంది. ఇప్పుడు అది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. 2014లో మే 31తో ముగిసేది, 47 రోజులు. ఆ నెలలో హార్బర్‌లో బోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుంటూ కట్టేసి ఉంటాయి.

సరంగు_మనవడు
అచ్చుతప్పు గారు చెప్పింది నిజం. కానీ అది మీకు తప్పు కాదు, వరం. వేట ఉన్న రోజుల్లో హార్బర్ కుర్రాడికి తీరిక ఎక్కడిది? తెల్లవారకముందే వేలం, తరువాత ఐసు, డీజిలు, వలల మరమ్మతు. నిషేధం రోజుల్లోనే కలాసీలు ఒడ్డున ఉంటారు, బోట్లకు రంగులు వేస్తారు, పేకాడతారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. ఎల్లాజీకి సంబంధం కుదిర్చే ఒత్తిడి కూడా ఇంట్లో ఆ రోజుల్లోనే మొదలవుతుంది. ఆ 47 రోజులను ప్రేమకు ఇచ్చేయండి. జూన్ 1న బోటు కదిలేసరికి సూర్యం ఒడ్డున మిగలాలి.

ఇంకొక మాట కూడా ఉంది. మావాళ్లలో కుర్రాళ్లు భుజాల మీద చేతులు వేసుకుని నడుస్తారు, ఒకే చాప మీద పడుకుంటారు, ఎవరూ ఏమీ అనరు. మీ నవలలో ఎల్లాజీ చేయి పట్టుకోవడానికి బీచ్‌లో చీకటిపడే దాకా ఆగడం నాకు నమ్మశక్యంగా లేదు. పగలు పట్టుకున్న చేయిని ఎవరూ పట్టించుకోకపోవడమే వాడి బాధ కావాలి.

వాల్తేరు_వాన
ఆ చివరి వాక్యం కోసమే ఈ చర్చ పెట్టినట్టయింది. ఏడో అధ్యాయం తిరగరాస్తున్నాను.

నల్లకోటు
నేనూ ఒక దిద్దుబాటు చేయాలి. పన్నెండో అధ్యాయంలో సూర్యం "ఇప్పుడు చట్టం మన వైపే ఉంది" అంటాడు. అది 2014 జూలై. ఢిల్లీ హైకోర్టు 2009 జూలై 2న స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 377వ సెక్షన్‌ను సడలించిన మాట నిజమే. కానీ సుప్రీంకోర్టు 2013 డిసెంబరు 11న ఆ తీర్పును కొట్టేసింది. అంటే మీ కథ నడిచే నెలల్లో వాళ్లిద్దరూ 1860 నాటి శిక్షాస్మృతి ప్రకారం నేరస్థులే. యావజ్జీవం దాకా వేయదగిన నేరం అది. సుప్రీంకోర్టు తిరిగి దాన్ని నేరం కాదని చెప్పింది 2018 సెప్టెంబరు 6న. సూర్యం పత్రిక చదివే కుర్రాడు కాబట్టి అతనికి ఇది తెలిసే ఉంటుంది. నాలుగేళ్లు తెరిచి ఉన్న తలుపు మూసేసిన ఏడాదిలో ప్రేమించడం వేరు, ఎప్పుడూ మూసే ఉన్న తలుపు ముందు ప్రేమించడం వేరు. ఆ తేడా మీ నవలలో ఎక్కడా కనబడలేదు.

పాతపుస్తకం
నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ఈ "చెప్పడం" అనే ఘట్టమే మన కథల్లో అరువు సరుకు. మన ఇళ్లలో ఎవరూ ఎవరినీ కూర్చోబెట్టి ప్రకటన చేయరు. కూతురు ఒకణ్ణి ఇష్టపడితే కూడా ఆ సంగతి పిన్ని ద్వారానో, పక్కింటి వారి ద్వారానో, అన్నం సగంలో వదిలి లేచిన చేతి ద్వారానో తెలుస్తుంది. మా పెదనాన్నగారింటికి ఒక మాస్టారు రోజూ సాయంత్రం వచ్చేవారు. ముప్పయి ఏళ్లు వచ్చారు. పండగకు మా పెద్దమ్మ ఆయనకు కూడా పంచె కొని పెట్టేది. ఎవరూ ఒక్క మాట అనలేదు, ఎవరికీ తెలియకుండానూ లేదు. మీ పందొమ్మిదో అధ్యాయం తీసేయండి. తల్లి ఎల్లాజీకి పంచె కొన్న రోజున పాఠకుడికి అంతా తెలిసిపోతుంది.

మూడో_బెంచీ
పాతపుస్తకం గారూ, ఆ పంచె కొన్న పెద్దమ్మ రాత్రిళ్లు ఏం చేసేదో కూడా మీ జ్ఞాపకంలో ఉందా? మౌనం అందంగా కనిపించేది దాన్ని బయటి నుంచి చూసినవారికే. నేను చెప్పకుండా ఉన్న ఆరేళ్లూ మా ఇంట్లో ప్రతి ఆదివారం ఒక జాతకం వచ్చేది. మౌనంగా ఉంటే మౌనం అంగీకారం అయిపోతుంది, ముహూర్తం పెట్టేస్తారు.

పాతపుస్తకం
పెద్దమ్మ గురించి నేను అడగలేదు. అడగాలని తోచలేదు. మీ మాటకు నా దగ్గర జవాబు లేదు.

కంచరపాలెం_కబుర్లు
అసలు ప్రశ్నకు వస్తాను. నేను అనువాదాలు చేస్తాను కాబట్టి ఈ మాటలతో రోజూ తగువే. "స్వలింగ సంపర్కం" అన్న మాటలో మొదటి లోపం ఏమిటంటే, అది ప్రేమ దగ్గర మొదలుకాదు, పడక దగ్గర మొదలవుతుంది. ఏ కొడుకైనా తన పడక సంగతితో తల్లి దగ్గర మాట మొదలుపెడతాడా? "స్వలింగ ప్రేమికుడు" కొంత నయమే కానీ అది కూడా వ్యాసంలో మాట, వంటింట్లో మాట కాదు. తమిళనాడు ప్రభుత్వం 2022లో ఇటువంటి వారిని గౌరవంగా పిలవడానికి ఒక పదకోశం అధికారికంగా ప్రకటించింది. తెలుగులో ఆ పని పత్రికల వాళ్లూ ఉద్యమకారులూ ఎవరికి తోచినట్టు వారు చేసుకుంటున్నారు.

అయినా మీ సమస్య పదకోశంతో తీరదని నా నమ్మకం. మీరు నామవాచకం కోసం వెతుకుతున్నారు. తెలుగువాడు మనసు సంగతి నామవాచకంతో చెప్పడు, క్రియతో చెబుతాడు. "మనసు పడ్డాను", "మనసు పోవడం లేదు", "వాడు లేకపోతే తోచడం లేదు". మీ సూర్యం చేత ఇలా అనిపించి చూడండి: "నువ్వు చూసిన పిల్లల్లో తప్పు లేదమ్మా, నాకు ఆడపిల్లల మీద మనసు పోదు. ఎల్లాజీ మీదే పోయింది." ఇందులో నిఘంటువు చూడవలసిన మాట ఒక్కటీ లేదు.

క్వార్టర్స్_కుర్రాడు
చదవగానే నాకు గొంతు పట్టేసింది. ఆ తల్లి "ఏట్రా అది" అంటుంది, ఇంకేమీ అనదు. రాసేయండి.

మూడో_బెంచీ
వాక్యం బాగుంది, కాదనను. కానీ నా అనుభవం వేరు. "అతనంటే ఇష్టం" అని చెప్పినప్పుడు మా అమ్మ "స్నేహితులంటే ఎవరికి ఇష్టం ఉండదు" అని హాయిగా వెళ్లిపోయింది. "మనసు పోదు" అంటే "పెళ్లయితే అదే పోతుంది" అంది. క్రియలు జారిపోతాయి. పేరుంటేనే అది తాత్కాలికం కాదని, నేనొక్కణ్ణే కానని అవతలివారికి అర్థమవుతుంది. నాకు ఆ పరాయి మాటే ఊపిరినిచ్చింది, ఎందుకంటే దాని వెనుక ఇంకా మనుషులు ఉన్నారు. సూర్యం ముందు క్రియతో చెప్పి ఓడిపోవాలి, తరువాత పేరుతో చెప్పాలి.

కంచరపాలెం_కబుర్లు
అంగీకరిస్తున్నాను. ఒక్కసారి చెప్పడం అనుకుని నేను ఆలోచించాను. మీరు చెప్పిన తరువాత అర్థమైంది, అది ఒక్కసారితో అయ్యే పని కాదు.

కొండమెట్లు
ఇంతమంది విశాఖవాళ్లు ఉండి సింహాచలం ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ఏడాదంతా చందనం కింద ఉన్న స్వామి అక్షయ తృతీయ నాడు ఒక్కరోజు నిజరూపంలో కనిపిస్తాడు. నవలకు "నిజరూపం" అని పేరు పెట్టండి.

అచ్చుతప్పు
ఎవరూ ఎత్తకపోవడానికి కారణం ఉంది. విశాఖలో ఎవరు కథ రాసినా మూడో పేజీలో చందనోత్సవం వస్తుంది. సంపాదకుడిగా ఇరవై ఏళ్లలో నిజరూపం అనే పేరుతో నాకు వచ్చిన రాతప్రతులు పేర్చితే కొండకు ఇంకొక మెట్టు అవుతుంది. దాచినది బయటపడటం అన్న పోలిక మరీ చేతికి అందే ఎత్తులో ఉంది.

కొండమెట్లు
మీరు సగమే చూస్తున్నారు. మా తాతగారు ఆ కొండ మీదే పనిచేశారు కాబట్టి చెబుతున్నాను. నిజరూపం కనిపించడం కాదు అక్కడి అసలు సంగతి, ఆ తరువాత జరిగేది. ఆ రాత్రికే మళ్లీ చందనం మొదలవుతుంది. ఒక్కసారిగా కప్పరు. అక్షయ తృతీయకు మూడు మణుగులు, వైశాఖ పౌర్ణమికి మూడు, జ్యేష్ఠ పౌర్ణమికి మూడు, ఆషాఢ పౌర్ణమికి మూడు. నాలుగు విడతల్లో పూర్వరూపం వచ్చేస్తుంది.

మన ఇళ్లలో కూడా ఇదే కదా జరిగేది! కొడుకు చెప్పిన రాత్రి అందరూ చూస్తారు, ఏడుస్తారు. తెల్లవారేసరికి ఎవరూ ఏమీ విననట్టు ఉప్మా పెడతారు, అది మొదటి విడత. పదిహేను రోజులకు "ఆ కుర్రాడు ఇంకా వస్తున్నాడా" అని తండ్రి గోడనడుగుతాడు, అది రెండోది. తరువాత డాక్టరు, ఆ తరువాత పెళ్లిచూపులు. 2014లో అక్షయ తృతీయ మే 2న వచ్చింది, అంటే సరంగు_మనవడు గారు చెప్పిన వేట నిషేధంలోనే. సూర్యం చెప్పడాన్ని అక్టోబరు నుంచి మే నెలకు జరపండి. ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణకు, అంటే జూలైకి, ఇంట్లో కప్పడం పూర్తవుతుంది. తల్లి ఆ ముప్పయి కిలోమీటర్ల పైచిలుకు దారి కొడుకు పెళ్లి మొక్కుతో నడుస్తుంది, కొడుకు ఆమె చెప్పులు పట్టుకుని పక్కన నడుస్తాడు.

అచ్చుతప్పు
నా మాట వెనక్కు తీసుకుంటున్నాను. పేరు మాత్రం వద్దు.

వాల్తేరు_వాన
రాత్రి రెండయింది, మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాను. మూడో_బెంచీ గారు చెప్పిన "రెండోసారి చెప్పడం" ఈ నాలుగు విడతల తరువాత వస్తుంది, అంటే తుపాను వారంలో. అక్టోబరు 12 ఆదివారం నుంచి ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్టుకు వరుసలు. ఎవరూ ఎవరి నుంచీ తప్పించుకుని టీవీ ముందుకు వెళ్లలేని రోజులు. డాక్టరు దృశ్యం గురించి ఎవరైనా చెప్పగలరా? నేను రాసింది కొంచెం సినిమా ఫక్కీలో ఉంది.

తెల్లకోటు_జేబు
మానసిక వైద్యంలో శిక్షణ పొందుతున్నాను. మీ డాక్టరు "ఇది జబ్బు, ఆరు నెలల్లో నయం చేస్తాను" అంటాడు. 2014లో అటువంటి వారు ఉండేవారు, ఇప్పటికీ ఉన్నారు, కాబట్టి దృశ్యం అబద్ధం కాదు. కానీ పాఠకుడు దాన్ని వైద్యం అనుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న దీన్ని వ్యాధుల జాబితా నుంచి తీసేసింది, అంటే ఆ డాక్టరు మీ కథాకాలానికే ఇరవై నాలుగేళ్లు వెనకబడి ఉన్నాడు. 2022లో జాతీయ వైద్య కమిషన్ ఇటువంటి "మార్పిడి చికిత్స"ను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ఈ సంవత్సరాలను పాత్రల చేత చెప్పించకండి. గదిలోంచి బయటికి వచ్చాక తండ్రి మందుల చీటీని మడిచి జేబులో పెట్టుకుని మందుల షాపు దాటి నడిచిపోతే చాలు.

క్వార్టర్స్_కుర్రాడు
నన్ను తీసుకెళ్లారు. ఊరూ పేరూ చెప్పను. మాత్రలు వేసుకుంటే పగలంతా నిద్ర వచ్చేది, మా నాన్న దాన్ని "నిమ్మళించాడు" అనుకున్నారు. పైన అన్ని జోకులూ వేసింది నేనే కాబట్టి ఇది కూడా చెబుదామనిపించింది.

తెల్లకోటు_జేబు
చెప్పినందుకు కృతజ్ఞతలు. ఇప్పుడు ఎలా ఉన్నారు?

క్వార్టర్స్_కుర్రాడు
మాత్రలు మానేసి ఏడేళ్లయింది. మా నాన్న ఇప్పటికీ ఆ పదం పలకరు, కానీ నా స్నేహితుడికి టమాటా పచ్చడి సీసా విడిగా కట్టి పంపుతారు. పాతపుస్తకం గారి పంచె లాంటిదే అనుకుంటాను.

బొబ్బిలి_వీణ
మూడు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. వాల్తేరు_వాన గారి మొదటి పోస్టులో "పెళ్లయిన ఏడాదికే ఒంటరివాడై" అన్న మాట ఉంది. ఆ వాక్యంలో ఉన్న రెండో మనిషిని ఇంతమందిలో ఒక్కరూ అడగలేదు. ఉత్తరాల గురించి, పదాల గురించి, బోట్ల గురించి అడిగారు. ఆమె ఎక్కడికి వెళ్లింది?

నేను ఆమెనే. 2006లో నాకు పెళ్లయింది. ఆయన చెడ్డ మనిషి కాదు, ఒక్కనాడు గట్టిగా మాట్లాడలేదు. నన్ను తాకలేదు. అత్తగారు నాకు తలంటు పోసి, కొత్త చీరలు కట్టించి, పూజలు చేయించి, చివరకు "నీకే చేతకాదు" అన్నారు. మా పుట్టింటివారూ అదే నమ్మారు. నేను కూడా నాలుగేళ్లు అదే నమ్మాను. నాకు నిజం తెలిసిన రోజున అందరికంటే ఎక్కువ బాధ పెట్టిన సంగతి ఆయన మనసు ఎటు ఉన్నదీ కాదు. పెళ్లికి ముందే ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన చెప్పాడట, ఏడ్చాడట, పెళ్లయితే కుదురుకుంటాడని వాళ్లు నన్ను తెచ్చారు. నేను వాళ్లకు చికిత్సను.

మీ నవలలో ఇనప్పెట్టెలో ఉన్నది రహస్యం కాదు. ఆయన ప్రేమ సంగతి ఆ ఇంట్లో తండ్రికి, తల్లికి, అన్నకు తెలిసే ఉంటుంది. వాళ్లు దాచినది తెలిసి కూడా ఒక పిల్లను తెచ్చి, తప్పు ఆమె మీద వేసి పంపించేయడం. సూర్యం తండ్రి ఆ పెళ్లికి పీటల దగ్గర నిలబడి ఉంటాడు కదా.

మూడో_బెంచీ
అక్కా, మీరు రాసినది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చిన జాతకాల్లో ఒక్కొక్క దాని వెనుక ఒక అమ్మాయి ఉందని నేను ఎన్నడూ అనుకోలేదు. నా ప్రాణం దక్కితే చాలనుకున్నాను.

బొబ్బిలి_వీణ
మీరు చెప్పి ఆ జాతకాలను ఆపారు. ఆ అమ్మాయిల తరఫున కూడా చెప్పినట్టే అయింది. ఆయనను కూడా నేను ఇప్పుడు నిందించను, అప్పుడప్పుడూ ఫోనులో మాట్లాడుకుంటాం. పెద్దవాళ్లను మాత్రం క్షమించలేదు.

నల్లకోటు
ఇది చదివాక నా చట్టం పేరాలన్నీ చిన్నవిగా కనిపిస్తున్నాయి. ఒక సంగతి మాత్రం నవలకు పనికొస్తుందేమో. 2024 డిసెంబరులో మన రాష్ట్ర హైకోర్టు, నర్సీపట్నంలో తండ్రి ఇంట్లో ఉంచేసిన ఒక యువతిని ఆమె కోరుకున్న యువతితో వెళ్లనిచ్చింది. సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న ఇటువంటి పెళ్లిళ్లకు చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించింది కాబట్టి వాళ్లది చట్టం దృష్టిలో పెళ్లి కాదు, అయినా మేజరు అయిన మనిషిని ఇంట్లో కట్టేయడం కుదరదు. నవలకు తరువాతి కాలంలో ఒక ముగింపు మాట ఉంటే, సూర్యం ఆ వార్త చదవవచ్చు.

అచ్చుతప్పు
వద్దండీ. తుపానుతో ముగిసే నవలకు పదేళ్ల తరువాతి పత్రిక కత్తిరింపు అతికిస్తే అతుకు కనబడుతుంది.

పాతపుస్తకం
నిన్న మా పెద్దమ్మకు ఫోను చేశాను. ఎనభై ఒకటి నిండాయి. మాస్టారి గురించి అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత "ఆ పంచెలు కూడా మా పుట్టింటి డబ్బుతోనే కొన్నాను, నాయనా" అంది. అంతే చెప్పింది. నా మొదటి పోస్టును తీసేయమని నిర్వాహకులను అడుగుదామనుకున్నాను, కానీ ఉండనివ్వడమే మంచిది.

వాల్తేరు_వాన
వారం రోజులు ఇక్కడికి రాలేదు, రాస్తున్నాను. మార్చినవి చెబుతాను. సూర్యం మొదటిసారి మే నెలలో చెబుతాడు, కంచరపాలెం_కబుర్లు గారి వాక్యంతోనే, ఆయన అనుమతి ఉంటే. ఇనప్పెట్టె నాలుగో అధ్యాయంలోనే తెరుచుకుంటుంది, అందులో ఉత్తరాలతో పాటు చిన్నాన్న పెళ్లి శుభలేఖ కూడా ఉంటుంది. తుపాను తరువాత మూడో రోజున, రోడ్ల మీద చెట్లు ఇంకా తీయకముందే, సూర్యం, తల్లి కలిసి దొరికిన బస్సులు పట్టుకుని, మిగిలిన దూరం నడిచి బొబ్బిలి వెళ్తారు. తల్లి ఆ గుమ్మం ముందు నిలబడి తోటికోడలితో మాట్లాడే దృశ్యం రాశాను. ఆ మాటల్లోనే కొడుకు సంగతి కూడా ఆమె మొదటిసారి తన నోటితో చెబుతుంది. "మావాడిదీ మీ ఆయన మనసే. వాడికి పిల్లను తేను" అని.

కంచరపాలెం_కబుర్లు
అనుమతి ఎప్పుడో ఇచ్చేశాను. "మీ ఆయన మనసే" అన్న మాట ముందు నా వాక్యం దిగదుడుపు.

సరంగు_మనవడు
ఎల్లాజీ ఏమయ్యాడు? తుపానుకు హార్బర్‌లో బోట్లు ఎన్ని మునిగాయో మరిచిపోకండి.

వాల్తేరు_వాన
వాళ్ల బోటు మునిగింది. సూర్యం బొబ్బిలి నుంచి తిరిగి వచ్చి నేరుగా హార్బర్‌కే వెళ్తాడు. అక్కడితో ఆపాను.

బొబ్బిలి_వీణ
ఒక్కటి అడుగుతాను. ఇరవై రెండు అధ్యాయాల్లో ఆమెకు పేరు పెట్టారా?

వాల్తేరు_వాన
లేదు. "చిన్నాన్న భార్య" అనే రాశాను, అన్నిచోట్లా. ఇప్పుడే వెతికి చూశాను, పద్నాలుగుసార్లు ఉంది. మీ వైపు ఆ వయసు ఆడవాళ్లకు ఉండే పేరు ఒకటి మీరే చెప్పండి.

బొబ్బిలి_వీణ
పైడితల్లి అని పెట్టండి. పుట్టింట్లో పైడీ అని పిలిచేవారని రాయండి. అత్తింట్లో ఏమని పిలిచారో మీరే ఆలోచించుకోండి, పద్నాలుగు చోట్లా.